బావగారి ఎడమ చెవి

బావ బాగు కోరేవాడు బావమరిది అంటారు. ఆ మాట పుట్టించిన మహానుభావుడెవరో గాని, అలా కోరుతూ కూర్చుంటే బావమరిది నెత్తిన వెంట్రుక మిగలదన్న సంగతి చెప్పకుండా దాటేశాడు. మన కథలో బావమరిదికి యాభై నిండకముందే బట్టతల వచ్చింది. అతనికి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. ఇంట్లో మాత్రం చిన్నప్పటినుంచీ అందరూ గాభరా అనే పిలుస్తారు. ఫోను మోగితే గాభరా, మోగకపోతే ఇంకా గాభరా. అలాంటివాడు బావగారి ఎన్నికల పనంతా నెత్తినేసుకున్నాడు. ఇంక జుట్టు నిలవమంటే ఎలా నిలుస్తుంది?

ఆ బావ కూడా అల్లాటప్పా బావ కాదు. వయసులో ఉండగా సైన్యంలో విమానం నడిపాడు. అది మానాక బ్యాంకులో చేరి, కౌంటరు దగ్గర మొదలుపెట్టి అద్దాల గదిదాకా ఎక్కాడు. రిటైరయ్యాక నలుగురూ పట్టుబడితే ఎన్నికల్లో నిలబడి, గెలిచి, ఊరి తరఫున సభలో కూర్చున్నాడు. జనం ఒక్క ఉద్యోగం చెయ్యడానికే జన్మ చాలదని మూలుగుతారు. ఈయన మూడింటిని ఒక్క జన్మలో సర్దేశాడు. అయితే మూడు చోట్లా ఆయన చేసింది ఒక్కటే పని. ఎదుటివాడు చెప్పింది విని, విన్నది విన్నట్టు మళ్ళీ వాడికే అప్పజెప్పడం.

గాభరా ఆ వింత మొదటిసారి చూసింది అక్క పెళ్ళైన కొత్తలో. కొత్తల్లుడు యూనిఫాం మడత నలక్కుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"రా నాయనా, చేతులు కడుక్కో. భోంచేద్దాం," అన్నాడు నాన్న.

"చేతులు కడుక్కోవడం, భోంచెయ్యడం," అన్నాడు అల్లుడు.

నాన్న కాస్త ఆగి, "ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చో," అన్నాడు.

"కిటికీ పక్క కుర్చీ."

వంటింట్లో అమ్మ గరిటె పుచ్చుకుని అక్కని నిలదీసింది. "ఏమే, ఈ అబ్బాయి మనమేం చెప్తే తిరిగి అదే అంటాడేమే? ఒంట్లో బాగానే ఉందా?"

"అది ఆయన అలవాటమ్మా. మొన్న ఫ్యాను ఆపమంటే, 'ఫ్యాను ఆపుతున్నాను' అని నాకు చెప్పి మరీ ఆపారు."

"బంగారం లాంటి పిల్లాడనుకున్నాను. చిలకని తెచ్చుకున్నామా తల్లీ!"

గాభరా అప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోతే, బావ వెనకాలే వచ్చాడు. తిడతాడేమో అనుకుంటే తిట్టలేదు, నీళ్ళ తొట్టి గట్టుమీద కూర్చోబెట్టి చెప్పాడు.

"పైన మాకు కళ్ళెంతో చెవులూ అంతేరా. కిందనుంచి రేడియోలో మాటొస్తుంది. ఇంత ఎత్తుకి దిగు, ఇటు తిరుగు అని. ఊరికే 'సరే' అంటే ఒప్పుకోరు. విన్నది తిరిగి చెప్పాలి. తప్పు చెప్తే కిందవాడు 'కాదు' అంటాడు. ఆ 'కాదు' పుణ్యానే మేం ఇళ్ళకి చేరుతున్నాం."

"ప్రాణం మీదికొచ్చే చోట కూడా తప్పు వింటారా బావా?"

"చెవి ఉన్నది వినదురా, అలవాటైంది వింటుంది. మావాడొకడు రోజూ వినే ఎత్తే ఆరోజూ విన్నాడు. వాళ్ళు చెప్పింది వేరే. వీడు పద్ధతి ప్రకారం తిరిగి చెప్పాడు కూడా. కిందవాడు ఏదో పనిలో ఉండి, కాదనలేదు." బావ తొట్టిలో నీళ్ళకేసి చూశాడు. "కొండ ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంది."

ఆ తర్వాత గాభరా చాలాసేపు నవ్వలేదు.

ఎడమ చెవి సంగతి మాత్రం బావ తన నోటితో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పింది ఆయనతో కలిసి ఎగిరిన నావిగేటరు, అంటే విమానానికి దారి చూసి చెప్పే మనిషి. ఒక చలికాలం, సరిహద్దు కొండల్లో దెబ్బ తగిలిన సిపాయిని ఆసుపత్రికి చేర్చాల్సి వచ్చింది. బావకి జలుబు చేసి ముక్కులు బిగుసుకుపోయి ఉన్నాయి. అలా ఎగిరితే చెవులు పోతాయని విమానం నడిపేవాళ్ళందరికీ తెలుసు. ఆ పూట ఇంకో పైలట్ లేడు. వచ్చేటప్పుడు మెల్లిగా దిగితే చెవి దక్కేదే, కాని వెనకాల పడుకోబెట్టినవాడికి నెత్తురు ఆగడం లేదు. బావ గబగబా దించేశాడు. మధ్యలో ఎడమ చెవిలో పొర పగిలింది.

"చెవిలోంచి రక్తం కాలరు మీదికి కారుతోందయ్యా," అన్నాడు నావిగేటరు. "ఈయన మాత్రం కుడి చెవితో వింటూ, విన్నది తిరిగి చెప్తూనే ఉన్నాడు. చక్రాలు నేలకి తగిలాక నావైపు తిరిగి, 'వాళ్ళింకేమైనా చెప్పారా? ఒకవైపు నాకు వినపడలేదు' అన్నాడు."

సిపాయి బతికాడు. బావని మాత్రం వైద్యులు మళ్ళీ ఎగరనివ్వలేదు. అది విన్న రోజు గాభరాకి అన్నం సయించలేదు. అప్పటిదాకా బావంటే వేళాకోళం, అప్పటినుంచీ బావంటే దేవుడు. వేళాకోళం మాత్రం మానలేదు. అది బావమరిది జన్మహక్కు.

బ్యాంకులో బావ గదిలోకి వెళ్ళినవాళ్ళకి ఒక వింత కనపడేది. వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ బల్లకి అవతల కాకుండా, ఆయన కుడి మోచేతి పక్కనే ఉండేది. అంత పెద్దాయన పక్కన కూర్చోబెట్టుకున్నాడని జనం మురిసిపోయేవారు. అందులో చెవి వాటా ఎంతో, మర్యాద వాటా ఎంతో బావకే తెలియదేమో.

ఒకసారి ఒక దర్జీ అప్పు కోసం వచ్చి కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చుని, "ఏదో, సొంతంగా చిన్న కొట్టు పెట్టుకుందామని," అని నసిగాడు. "సొంతంగా కొట్టు పెట్టుకుందామనుకుంటున్నారు," అన్నాడు బావ. తన నోట నసుగుతూ వచ్చిన మాట, ఆ పెద్ద గదిలో, ఆ పెద్దమనిషి నోట నిండుగా వినపడేసరికి దర్జీ వెన్ను నిటారైంది. "అవును సార్, పెట్టుకుంటాను," అన్నాడు. పెట్టుకున్నాడు కూడా. అదే కుర్చీలో ఇంకోరోజు ఒక ఫ్యాక్టరీ యజమాని దర్జాగా జారగిలబడి, వచ్చే ఏటికల్లా లాభం రెట్టింపవుతుందన్నాడు.

"వచ్చే ఏటికల్లా రెట్టింపు. అంతేనా?"

"అంటే... దాదాపుగా."

"దాదాపుగా రెట్టింపు. అంతేనా?"

"బజారు బాగుంటే అనుకోండి."

"బజారు బాగుంటే, దాదాపుగా రెట్టింపు. అంతేనా?"

అలా మూడు మాట్లు తన మాట తనకే తిరిగొచ్చేసరికి ఆయనకి చెమట పట్టింది. మళ్ళీ వస్తానని లేచి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అబద్ధాన్ని ఒకసారి చెప్పడం ఎవరికైనా చేతనవును. దాన్ని ఎదుటివాడి నోట విని 'అవును' అనడానికి గుండె కావాలి.

ఇలాంటి మనిషి రాజకీయాల్లోకి వస్తే ఏమవుతుందోనని అందరికంటే ముందు గాభరాపడింది గాభరాయే. అవతల నిలబడ్డవాడు సామాన్యుడు కాదు. ఊళ్ళో అతన్ని మైకు అంటారు. ఊదరగొట్టడంలో అతన్ని మించినవాడు లేడు, కంచు గొంతు, మాటకి ముందో సామెత, వెనకో సామెత. బావకి చూస్తే ఉపన్యాసమే రాదు. వేదికెక్కి, "మీకేం కావాలో చెప్పండి," అని అడిగేవాడు. చెప్పింది తిరిగి చెప్పేవాడు. దిగిపోయేవాడు. "చిలక పలుకులు పలికేవాడికి ఓట్లెవరేస్తారు?" అని మైకు వెక్కిరించాడు. జనం ఆ పేరే ముద్దుగా పట్టుకున్నారు. చిలక సారు అత్తెసరు మెజారిటీతో గెలిచాడు.

గెలిచి ఊరికే కూర్చోలేదు. బడికి పైకప్పు వేయించాడు. ఆసుపత్రి మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుదారి కట్టించాడు. రైలు పట్టాల మీదుగా కాలిబాట వంతెన కట్టించాడు. అన్నీ జనం చెప్పినవే, తిరిగి చెప్పించుకుని 'అవును' అన్నవే. రెండోసారి ఎన్నికలొచ్చాయి, అంతా సవ్యంగా ఉందనుకునేవేళకి కుడి చెవి కూడా మొరాయించడం మొదలుపెట్టింది.

ఆ సంగతి ముగ్గురికే తెలుసు. బావకి, అక్కకి, గాభరాకి. చెవి వైద్యుడు చిక్కుడు గింజంత యంత్రం ఇచ్చాడు. బావ పెట్టుకోబోతే గాభరా దాన్ని లాక్కుని తన జేబులో వేసుకున్నాడు.

"ఎన్నికలయ్యేదాకా వద్దు బావా. మైకు కంట్లో పడిందా, చెవిటివాడి ముందు శంఖం ఊదుకుంటారా అని ఊరంతా టముకు వేయిస్తాడు."

"ఎవరైనా అడిగితే చెప్తానురా. దాచను."

"అడగరు. నేను చూసుకుంటాగా."

చూసుకోవడమంటే మాటలా! ఎక్కడికెళ్ళినా బావ ఎడమ పక్కన ఎవరూ చేరకుండా కాపలా. కుడిపక్క తను నిలబడి, ఎవరేం చెప్పినా బావకి అందేలా గట్టిగా పలకడం. చుట్టాలింటికి వెళ్ళినా ఇదే వరస. "మీ తమ్ముడు ఈమధ్య మరీ గట్టిగా అరుస్తున్నాడు, వీడికి చెవుడు గాని వచ్చిందా?" అని మేనత్త అక్కని అడిగింది. అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వచ్చినట్టే ఉందత్తా," అంది.

ఒకరోజు పొద్దున్న గాభరా పోస్టర్ల కోసం అచ్చుకొట్టుకి వెళ్ళినప్పుడు అసలు ముచ్చట జరిగింది. బావ ఇంటి ముందుగదిలో రెండు బల్లలు వేసి ఉంటాయి. పని ఉన్నవాళ్ళు వచ్చి కూర్చుని, వంతు రాగానే ఆయన పక్కకి వెళ్ళి చెప్పుకుంటారు. ఆవేళ వచ్చినావిడ బట్టలు ఇస్త్రీ చేసి బతికే మనిషి. తిరగని ఆఫీసు లేదు, మొక్కని గుమాస్తా లేడు. వచ్చి, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, ఆయనకి ఎడమవైపు నిలబడింది.

"మా గోడు ఎవరికీ పట్టడం లేదు సారూ," అంది.

బావ తల వంచి విన్నాడు. "మీ గోడ ఎవరికీ పట్టడం లేదంటున్నారు. అంతేనా?"

బల్లమీద కూర్చున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ ఆయన మొహంకేసి చూసింది. ఎగతాళి చేస్తున్నాడనుకుందో, ఎక్కడికెళ్ళినా గోడకి చెప్పుకున్నట్టే కదా అనుకుందో, విసుగొచ్చేసింది. "అంతే సారూ. గోడే," అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఎండలో బావ ఒక ఇంజనీరుని వెంటబెట్టుకుని ఆవిడ సందులోకి నడిచాడు. విషయం తెలిసి గాభరా పరుగున వచ్చేసరికి, ఊరి సభ్యుడు ఆవిడ ఇంటి గోడని పై నుంచి కిందికి పరీక్షగా చూస్తున్నాడు. వేళ్ళతో కొట్టి చూశాడు. చుట్టూ తిరిగొచ్చాడు. ఇంజనీరు టేపు పెట్టి కొలిచాడు. సందులో జనమంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఆవిడకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"గోడ భేషుగ్గా ఉందమ్మా," అన్నాడు బావ. "మరి మీకేం కష్టం వచ్చింది?"

ఇప్పుడావిడ ఆయన కుడిపక్కన ఉంది. "గోడ కాదు సారూ, గోడు! నా గోడు! రోడ్డుకి అడ్డమని మునిసిపాలిటీ వాళ్ళు నా ఇస్త్రీ బండి ఎత్తుకుపోయారు. ఎవర్నడిగినా రేపు రమ్మంటారు. బండి లేకపోతే పొయ్యి వెలగదు సారూ."

"మీ బండి మునిసిపాలిటీ వాళ్ళు ఎత్తుకుపోయారు. ఎవర్నడిగినా రేపు రమ్మంటున్నారు. బండి లేకపోతే పొయ్యి వెలగదు."

ఒక్క పొల్లు పోకుండా తన మాటలు తనకి తిరిగొచ్చేసరికి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అవును సారూ. అంతే."

"మరి పొద్దున్న నేను గోడ అంటే కాదనలేదేమమ్మా?"

"మీరు పెద్దోళ్ళు. మీరు గోడంటే గోడే అనుకున్నా. కాదంటే కోపమొస్తే?"

బావ మొహం పాలిపోయింది. గాభరా ఆయన్ని అంత దిగులుగా ఎప్పుడూ చూడలేదు. తొట్టి గట్టుమీద చెప్పిన కొండ ఆయనకి గుర్తొచ్చిందని ఇతనికి అర్థమైంది. ఆయన సందులోవాళ్ళందరి వైపూ తిరిగాడు. గాభరా వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చూస్తే కదా!

"నాకు ఎడమ చెవి లేదు. కుడి చెవి సగమే," అన్నాడు బావ. "విన్నది తిరిగి చెప్తాను గాని, తప్పు విన్నానని నాకెలా తెలుస్తుంది? మీరు చెప్తేనే తెలుస్తుంది. నేను పెద్దవాణ్ణని చూడకండి. తప్పు చెప్తే గట్టిగా 'కాదు' అనండి. నాకు మీరు చేసే సాయం అదొక్కటే."

అని, గాభరా వైపు చెయ్యి చాపాడు. గాభరా ఉసూరుమంటూ జేబులోంచి యంత్రం తీసి ఇచ్చాడు. బావ అందరూ చూస్తుండగానే దాన్ని కుడి చెవికి తగిలించుకుని, బండి విడిపించడానికి మునిసిపాలిటీ వైపు నడిచాడు. బండి సాయంత్రానికల్లా సందు మూలమీదికి వచ్చేసింది. గాభరాకి ఓటమి కూడా దాని వెనకాలే దొర్లుకుంటూ వస్తున్నట్టు అనిపించింది.

"కొరివితో తల గోక్కున్నారు బావా," అన్నాడు ఇంటికొచ్చాక.

"చెవుడు దాచుకుంటే మనం గెలుస్తాంరా, వాళ్ళ మాట ఓడిపోతుంది. అది నాకొద్దు."

అక్క మొగుడి చెవి యంత్రం కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టింది.

మైకుకి పండగే అయింది. గోడు అంటే గోడ విన్న మహానుభావుడని ప్రతి మలుపులోనూ చెప్పాడు. అక్కడితో ఆగక, "బ్యాంకులో ఉండగా ఎంత కొట్టాడో, సభలో కూర్చుని ఎంత కొట్టాడో," అని ఎత్తిపొడవడం మొదలెట్టాడు. బావ చేతికి మచ్చ లేదని అతనికీ తెలుసు. తెలిసినా బురద చల్లడం మానడు. కడుక్కోవడం ఎదుటివాడి పని కదా. ఇటు బావ ప్రతి చోటా తన మాట మొదలుపెట్టే ముందు, "తప్పు చెప్తే కాదు అనండి," అనేవాడు. జనం మొదట్లో సిగ్గుపడ్డారు. తర్వాత్తర్వాత అదో సరదా అయింది. ఆయన 'బడికి నీళ్ళు' అంటే, 'కాదు సారూ, గుడిసెలకి నీళ్ళు' అని అరిచేవారు. ఆయన వెంటనే సరిదిద్దుకునేవాడు. పెద్దమనిషి మొహం మీద 'కాదు' అనడంలో ఉన్న రుచి ఊరు మొదటిసారి చూసింది.

పోలింగు దగ్గరపడ్డాక వర్తకుల సంఘంవాళ్ళు ఇద్దర్నీ ఒకే వేదికమీదికి పిలిచారు. ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కోవాలి, జనం వినాలి. మైకు ముందే వచ్చి బావకి ఎడమవైపు కుర్చీలో పాతుకుపోయాడు. గాభరా ఎంత బతిమాలినా లేవలేదు. దానికితోడు లౌడ్‌స్పీకర్లన్నీ జనం వైపు తిప్పి ఉన్నాయి. కిందున్నవాళ్ళకి చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది, వేదిక మీద ఒట్టి హోరు. ఆ హోరుకి చెవిలో యంత్రం కీచుమని కూస్తుంటే, బావ దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. 

మైకు లేచి నిలబడ్డాడు. ఊరు దద్దరిల్లేలా మాట్లాడే మనిషి, ఆవేళ గొంతు చెవిలో గుసగుసలాడినట్టు తగ్గించి అడిగాడు.

"ఈ అయిదేళ్ళలో తమరు ఏం కట్టారు?"

స్పీకర్లలో అందరికీ స్పష్టంగా వినపడింది. బావ తప్పు చెప్తాడు, జనం పగలబడి నవ్వుతారు, ఇక్కడితో చిలక కథ సరి. అదీ అతని ఎత్తు. బావ తల కొంచెం వంచాడు. నెలరోజులుగా మైకు నోట ఒకటే మాట విని విని ఉన్న చెవి అది. అలవాటైందే విన్నది.

"ఈ అయిదేళ్ళలో నేను ఏం కొట్టానని అడుగుతున్నారు," అన్నాడు బావ తన ముందున్న మైకు గొట్టంలో, నిదానంగా. "అంతేనా?"

గాభరా కళ్ళు మూసుకున్నాడు.

"కాదు!" అని ఒక ఆడగొంతు లేచింది. ముందు వరసలో ఇస్త్రీ బండి ఆవిడ లేచి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఆయనకి అందేలా అరిచింది. "కొట్టారు కాదు సారూ! కట్టారు! కట్టారు!"

అలవాటైన పని కదా, పక్కవాళ్ళూ అందుకున్నారు. "కాదు సారూ! కొట్టారు కాదు, కట్టారు!" ఆయనకి చెవుడు, గట్టిగా చెప్పాలని వెనక వరసలు ఇంకా గట్టిగా అరిచాయి. వీధిలో నిలబడ్డవాళ్ళకి మైకు ప్రశ్న తెలియదు, బావ జవాబు తెలియదు. వాళ్ళకి వినపడింది ఒక్కటే. వాళ్ళూ అదే అన్నారు. "కొట్టలేదు! కట్టారు! కొట్టలేదు! కట్టారు!"

ముందు తప్పు దిద్దుతున్నామనుకున్నవాళ్ళకే కాసేపటికి తాము ఏమంటున్నామో తెలిసొచ్చింది. మొహాలు వెలిగిపోయాయి. బడి పైకప్పు కింద కూర్చునే పంతులమ్మ అంది, వంతెన దాటి పనికి వెళ్ళేవాళ్ళన్నారు, చక్రాల కుర్చీలో ముసలాయన చెయ్యెత్తి మరీ అన్నాడు. మైకు గొంతులో పచ్చివెలక్కాయ పడింది. "నేనడిగింది... నేనడిగింది అది కాదు," అని తడబడితే, "మీరడిగింది అదే! కట్టారు!" అని నాలుగు మూలలనుంచీ జవాబొచ్చింది.

బావకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కంగారుగా గాభరా వైపు చూశాడు. "ఏమంటున్నార్రా?"

గాభరా కుడిపక్కకి వెళ్ళి వంగి చెప్పాడు.  "మీరు కొట్టలేదంట బావా. కట్టారంట."

బావ మైకు గొట్టం దగ్గరికి జరిగి, "నేను కట్టానంటున్నారు," అన్నాడు.  "కొన్ని కట్టాను. మార్కెట్ వెనకాల మురుగుకాలువ సగంలోనే ఉంది. అది కట్టలేదు. దాన్ని కూడా కట్టానంటే మీరు కాదనాలి."

ఇంకొకడైతే ఆ అరుపులు జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళేవాడు. గాభరాకి ఆ క్షణంలో బావ కాళ్ళమీద పడి మొక్కాలో, పీక పట్టుకోవాలో తెలియలేదు. జనం మాత్రం కాలువ సంగతి విన్నాక ఇంకా ఎక్కువ చప్పట్లు కొట్టారు.

ఓట్ల లెక్క తేలిన రోజు మైకు మధ్యాహ్నానికే ఇంటికి వెళ్ళిపోయాడు. ఈసారి మెజారిటీ అత్తెసరు కాదు. లెక్కింపు హాలు మెట్లు దిగుతూ బావ, గాభరా పక్కపక్కన నడిచారు. గేటు దగ్గర అక్క కారు తలుపు తీసి పట్టుకుని ఉంది. దండలూ కేకలూ అయిపోయి అందరూ ముందుకి వెళ్ళారు. గాభరా ఎన్నాళ్ళుగానో లోపల అణచుకున్న మాట అప్పుడు దానంతటదే బయటికొచ్చేసింది. ఏ పక్కన ఉన్నాడో చూసుకోలేదు.

"మీ పక్కన నిలబడ్డందుకు గర్వంగా ఉంది బావా," అన్నాడు.

అది ఎడమ పక్క. బావ తల వంచి, నవ్వి, ఆదరంగా భుజం తట్టాడు.

"గాభరాగా ఉందంటున్నావు. ఇంకెందుకురా గాభరా? అంతా అయిపోయిందిగా."

పాపం, ఆ చెవి తప్పేముంది? ముప్ఫై ఏళ్ళకి పైగా ఇతని నోట విన్నది అదే. ఇంకోరోజైతే గాభరా 'సరే బావా' అని నవ్వేసి ఊరుకునేవాడు. అలాంటి మాటలు రెండోసారి చెప్పడం ఏ బావమరిదికైనా కష్టమే. రెండు మెట్లు దిగాడు. ఆగాడు.

"కాదు బావా," అన్నాడు.

బావ నిలబడిపోయాడు. గాభరా ఆయన చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చాడు. గొంతు సవరించుకుని, మెట్లమీదున్న పోలీసు కూడా తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు.

"గర్వంగా ఉంది అన్నాను. మీరు నాకు బావ అయినందుకు."

బావ నోరు తెరిచాడు, అలవాటు ప్రకారం తిరిగి చెప్పడానికి. "గర్వంగా..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు.  చెవిలో యంత్రం తీసి, దానికేదో దుమ్ము పట్టినట్టు చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఏమంటాడండీ వాడు?" అని అక్క గేటు దగ్గరనుంచి కేకేసింది.

తిరిగి చెప్పేదాకా విన్నట్టు కాదనే మనిషి, ఆ ఒక్కటీ తిరిగి చెప్పలేకపోయాడు.

"విన్నానని చెప్పరా మీ అక్కకి," అన్నాడు చివరికి.